మొదటి కుర్చీలో కూర్చునే జడ్జి



భోజనాలయి, గిన్నెలు సర్దుకుని, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఇప్పుడు కోర్టుల గురించి చెబుతానంటే ‘మనకెందుకమ్మా ఆ గొడవ’ అంటారేమో. మొన్న మొన్నటిదాకా నేనూ అలాగే అనుకునేదాన్ని.

దిల్‌సుఖ్‌నగర్‌లో మేమున్న మేడలో, మా పక్క వాటాలో ఒక పిన్నిగారున్నారు. నా సొంత పిన్ని కాదు లెండి, వరస కలుపుకున్నాం. డెబ్భై దాటిన మనిషి. ఒకనాడు పొద్దున్నే కోర్టు బంట్రోతు వచ్చి ఆవిడ చేతిలో ఒక కాగితం పెట్టి, సంతకం చేయించుకుని పోయాడు. అంతే, ఆవిడకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా మా ఇంటికి పరిగెత్తుకొచ్చారు. “నేనేం తప్పు చేశానే అమ్మాయీ, కోర్టువాళ్ళు నన్ను రమ్మంటున్నారు!”

కాగితం చదివి చూస్తే అది సాక్షి సమను. పదేళ్ళ కిందట హయత్‌నగర్ అవతల చుట్టాలెవరో స్థలం కొంటుంటే, దస్తావేజు మీద సాక్షిగా ఈవిడ సంతకం పెట్టారట. ఇప్పుడు ఆ స్థలం మీద తగాదా వచ్చింది. ‘ఈ సంతకం మీదేనా, మీ ఎదుటే రాశారా’ అని అడగడానికి పిలిచారు. ఇంతకుమించి ఏమీ లేదు. అయినా ఆవిడకు రాత్రిళ్ళు నిద్ర పట్టలేదు. సరే, తోడుగా నేను వస్తానన్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఆ తర్వాత ఎల్.బి.నగర్. అదే ఆఖరి స్టేషను. 2018లో ఆ రైలు వచ్చాక మాకు ఆ దారి సులువైపోయింది. పిన్నిగారు మాత్రం ఆ మూడు స్టేషన్లూ కళ్ళు మూసుకుని స్తోత్రం చదువుకుంటూనే ఉన్నారు.

ఎల్.బి.నగర్‌లో ఉన్నది రంగారెడ్డి జిల్లా కోర్టు. 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లాలోంచి విడదీసి ఈ జిల్లాను ఏర్పాటు చేశారు. కొండా వెంకట రంగారెడ్డిగారి పేరు పెట్టారు. ఆయన కూడా వకీలేనన్నది మనలో చాలామందికి గుర్తుండదు. ఒకప్పుడు వికారాబాదు వాళ్ళకూ, మేడ్చల్ వాళ్ళకూ కూడా జిల్లా కోర్టంటే ఇదే. 2022 జూన్ 2న తెలంగాణలో 32 న్యాయ జిల్లాలు చేశాక ఆ భారం కొంత తగ్గింది. తగ్గిందంటున్నాను గాని, ఆ రోజు వరండాలో నిలబడ్డ జనాన్ని చూస్తే నాకైతే అలా అనిపించలేదు.

పదకొండున్నరకు పిన్నిగారి పేరు పిలిచారు. లోపలికి వెళ్ళాం. ఎత్తు వేదిక మీద ముప్ఫై ఏళ్ళుంటాయో ఉండవో, ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నల్లకోటు, మెడ దగ్గర తెల్ల పట్టీ, కళ్ళజోడు. పిన్నిగారు నా చెవిలో, “జడ్జిగారింకా రాలేదా?” అన్నారు. “ఆవిడే జడ్జిగారండీ” అన్నాను. ఆ ఆశ్చర్యంలో ఆవిడ భయం సగం పోయింది. ఆ అమ్మాయి, తప్పు, ఆ జడ్జిగారు, “అమ్మగారికి కుర్చీ వేయండి” అని, లాయరు అడిగిన ఇంగ్లీషు ముక్కను తెలుగులో మళ్ళీ విడమర్చి చెప్పి, పిన్నిగారు చెప్పిన తెలుగును ఇంగ్లీషులో టైపు చేయించారు. అది తిరిగి తెలుగులో చదివి వినిపించి, “మీరు చెప్పింది ఇదేనా అమ్మా?” అని అడిగారు. పావుగంటలో పని అయింది. అవతలి లాయరుగారు వాయిదా అడిగారు కనుక మళ్ళీ ఒకసారి రావాలన్నారు.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పిన్నిగారు అడిగిన ప్రశ్నే ఈ ప్రసంగానికి కారణం. “ఆ అమ్మాయిని అక్కడ కూర్చోబెట్టిందెవరే? మంత్రిగారా, కలెక్టరుగారా? ఎవరి సిఫార్సు ఉండి ఉంటుంది?”

ఆవిడ కుమారుడు డాలస్‌లో ఉంటాడు. అక్కడ పెద్ద కోర్టు జడ్జీని ప్రెసిడెంటే వేస్తాడని ఫోనులో చెప్పాడట. అంచేత ఇక్కడా అలాగే కాబోలనుకున్నారు. ఆవిడ ఒక్కరే కాదు, చదువుకున్నవాళ్ళలో కూడా చాలామంది అలాగే అనుకుంటారు. ఆ రాత్రి నేను తెలిసినవాళ్ళని అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది మీతో చెబుతున్నాను.

ముందు ఆ అబ్బాయి చెప్పింది చూద్దాం. అమెరికాలో రెండు రకాల కోర్టులున్నాయి. రాష్ట్రాల కోర్టులు వేరు, దేశమంతటికీ చెందిన ఫెడరల్ కోర్టులు వేరు. ఫెడరల్ కోర్టుల్లో మొదట విచారణ చేసేవాటిని జిల్లా కోర్టులంటారు. దేశం మొత్తం మీద అలాంటి జిల్లాలు 94. ఆ జడ్జిగా ప్రెసిడెంటు ఒకరి పేరు ప్రతిపాదిస్తాడు. సెనేటులో ఒక సంఘం ఆ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా ప్రశ్నలు వేస్తుంది. తర్వాత సెనేటంతా ఓటు వేస్తుంది. ఓట్లు వస్తేనే ఉద్యోగం. ఆ మనిషిది ఏ రాష్ట్రమో ఆ రాష్ట్రం సెనేటర్లు ఇద్దరూ తమ సమ్మతి తెలుపుతూ నీలం రంగు కాగితం ఒకటి తిరిగి పంపడం అక్కడ ఆనవాయితీ. పెళ్ళి సంబంధానికి మేనమామ సరేననాలన్నట్టు! పరీక్ష లేదు, వయసు హద్దు లేదు. ఒకసారి కూర్చుంటే జీవితాంతం కూర్చోవచ్చు. పెద్ద తప్పు చేస్తే పార్లమెంటు విచారించి తీసేయాలి తప్ప ఇంకెవరూ కదపలేరు.

ఇలా కూర్చున్న మొదటి మహిళ బర్నిటా షెల్టన్ మాథ్యూస్. 1949లో ట్రూమన్ ప్రెసిడెంటుగా ఉండగా వాషింగ్టన్‌లోని జిల్లా కోర్టు జడ్జి అయ్యారు. తన దగ్గర సహాయకులుగా ఆడ లాయర్లనే పెట్టుకునేవారట. ఆడవాళ్ళకు ఇంకెక్కడా ఉద్యోగాలు ఇవ్వని రోజులు మరి.

మన దేశంలో ఈ పద్ధతి లేదు. కేంద్రానికి వేరే కోర్టులు, రాష్ట్రానికి వేరే కోర్టులు అన్న విభజనే లేదు. పార్లమెంటు చేసిన చట్టమైనా, మన అసెంబ్లీ చేసిన చట్టమైనా, మొదట వినేది ఎల్.బి.నగర్ కోర్టు లాంటి కోర్టే. దాని పైన హైకోర్టు, ఆ పైన సుప్రీంకోర్టు. ఒకే మెట్లదారి. ఆ కింది మెట్టు మీద కూర్చునే జడ్జీని మంత్రులు ఏరికోరి వేయరు. రాజ్యాంగం 233, 234 అధికరణాల్లో దీని సంగతంతా ఉంది. నియామకపు ఉత్తర్వు గవర్నరు పేరు మీద వస్తుంది. ఎంపిక మాత్రం హైకోర్టుది. పరీక్ష పెట్టేదీ, ముఖాముఖి ప్రశ్నలు వేసేదీ హైకోర్టే. ఉద్యోగంలో చేరాక బదిలీ చేసేదీ, ప్రమోషను ఇచ్చేదీ, తప్పు చేస్తే మందలించేదీ కూడా హైకోర్టే. కలెక్టరుగారికి ఆ కుర్చీ మీద ఏ అధికారమూ లేదు. ఇది విన్నాక పిన్నిగారు, “అయితే ఎమ్మెల్యే ఫోను చేస్తే?” అన్నారు. చేస్తే చేసినవాడిదే తప్పవుతుంది, కోర్టు ధిక్కారం కిందికి వస్తుందని చెప్పాను.

ఇక ఆ అమ్మాయి కథ. ఆవిడ ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు, అడగడమూ మర్యాద కాదు. కాని ఆ కుర్చీలోకి వచ్చే దారి అందరికీ ఒక్కటే కనుక, ఏ మెట్లెక్కి వచ్చి ఉంటారో చెప్పవచ్చు.

లా చదవాలి. ఇంటరు తర్వాత అయిదేళ్ళు, లేదా డిగ్రీ తర్వాత మూడేళ్ళు. బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని నల్లకోటు వేసుకోవాలి. ఆ తర్వాత హైకోర్టు ప్రకటన ఇచ్చినప్పుడు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు దరఖాస్తు పెట్టాలి. పాతవాళ్ళకు ‘మున్సిఫ్’ అంటే తెలుస్తుంది, ఆ ఉద్యోగమే ఇది. ముందు వడపోత పరీక్ష. అందులో నెగ్గినవాళ్ళకు సివిల్ చట్టాల మీద, క్రిమినల్ చట్టాల మీద, ఇంగ్లీషు మీద రాతపరీక్ష. ఇంగ్లీషు పేపరులో తెలుగును ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును తెలుగులోకి మార్చే ప్రశ్న కూడా ఉంటుంది. అదెందుకంటారా? పిన్నిగారి సాక్ష్యం ఆ రోజు చక్కగా నడిచింది అందువల్లే కదా. చివరికి హైకోర్టు జడ్జీల ఎదుట మౌఖిక పరీక్ష. మన దగ్గర ఈ ఉద్యోగాల్లో మూడో వంతు ఆడవాళ్ళకు కేటాయింపు కూడా ఉంది. ఎంపికయినవాళ్ళకు సికింద్రాబాదులోని జ్యుడీషియల్ అకాడమీలో శిక్షణ ఇస్తారు.

జీతం సంగతి చెప్పకపోతే మీరు ఊరుకోరని తెలుసు. రెండో జాతీయ న్యాయ వేతన సంఘం లెక్క ప్రకారం జూనియర్ సివిల్ జడ్జి మూల వేతనం 77,840 రూపాయలతో మొదలవుతుంది. జిల్లా జడ్జికి 1,44,840తో మొదలు. కరువు భత్యం వగైరాలు వేరే.

జూనియర్ సివిల్ జడ్జి తర్వాత సీనియర్ సివిల్ జడ్జి, ఆ తర్వాత జిల్లా జడ్జి. చిన్న నేరాలు విన్నప్పుడు ఆ మొదటి మెట్టు జడ్జినే మేజిస్ట్రేటు అంటాం. జిల్లా జడ్జి హత్యల్లాంటి పెద్ద నేరాలు విన్నప్పుడు సెషన్స్ జడ్జి. మనిషి ఒకరే, టోపీ మారుతుందన్నమాట. జిల్లా జడ్జి కావడానికి ఇంకో దారి కూడా ఉంది. ఏడేళ్ళు లాయరుగా పనిచేసినవాళ్ళు పరీక్ష రాసి నేరుగా ఆ మెట్టుకే రావచ్చు. నాలుగో వంతు ఉద్యోగాలు అలా నింపుతారు. కింది కోర్టులో జడ్జిగా ఉన్నవాళ్ళు ఆ పరీక్షకు పనికిరారని ఎన్నాళ్ళో ఒక నియమం నడిచింది. లాయరుగా, జడ్జిగా కలిపి ఏడేళ్ళు నిండితే వాళ్ళూ రాయవచ్చునని 2025 అక్టోబరు 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కింద కష్టపడి పనిచేసే అమ్మాయిలకు ఇది మంచి మాటేనని నా అభిప్రాయం.

అన్నట్టు, ఐ.ఎ.ఎస్. మాదిరి దేశమంతటికీ ఒకే జడ్జీల పరీక్ష పెట్టడానికి 1976లోనే రాజ్యాంగాన్ని సవరించారు. అది ఇప్పటికీ కాగితం మీదే ఉంది. ఒక రాష్ట్రం మనిషి ఇంకో రాష్ట్రంలో సాక్షి భాష తెలియకుండా ఏం వింటాడన్నది దానికి చెప్పే అభ్యంతరాల్లో ఒకటి. పిన్నిగారి సాక్ష్యం చూసి వచ్చిన నాకు ఆ అభ్యంతరం సబబుగానే తోచింది.

అయితే కేంద్రం చేయి ఉన్న జడ్జీలు మన దగ్గర అసలే లేరా అంటే, ఒకచోట ఉన్నారు. ఆ సంగతి మా పేటకు బాగా తెలిసిన సంగతి. చెప్పడం కష్టమే అయినా చెప్పాలి.

2013 ఫిబ్రవరి 21, గురువారం. సాయంత్రం ఏడు గంటల వేళ. దిల్‌సుఖ్‌నగర్‌లో 107 నంబరు బస్సు స్టాపు దగ్గర ఒకటి, ఆ వెంటనే ఎ-వన్ మిర్చి సెంటరు దగ్గర ఒకటి, రెండు బాంబులు పేలాయి. ఆ వేళకు అక్కడ ఎవరుంటారో మా పేటవాళ్ళకు తెలుసు. ట్యూషన్ల నుంచి వచ్చే పిల్లలు, ఆఫీసు నుంచి దిగేవాళ్ళు, కూరలు కొనుక్కుని వెళ్ళే మనలాంటివాళ్ళు. 18 మంది చనిపోయారు, 131 మంది గాయపడ్డారు. ఆ రాత్రి మా వీధిలో ఏ ఇంట్లోనూ ఎవరూ అన్నం తినలేదు. ఫోన్లు కలవక, పిల్లలు ఇంటికి రాక, గుమ్మాల్లో నిలబడ్డాం.

ఆ కేసును ఎన్.ఐ.ఎ. అనే కేంద్ర దర్యాప్తు సంస్థ చేపట్టింది. బొంబాయి మీద దాడి జరిగాక 2008లో చేసిన చట్టం కింద ఏర్పడ్డ సంస్థ అది. ఆ చట్టం ప్రకారం ఇలాంటి కేసులకు ప్రత్యేక కోర్టు ఉంటుంది. అప్పటి నిబంధనలో ఆ కోర్టు జడ్జీని నియమించేది కేంద్ర ప్రభుత్వం. కాని తనకు నచ్చినవాళ్ళను వేయడానికి వీల్లేదు. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫార్సు చేసినవారినే వేయాలి. ఆ మనిషి కూడా అప్పటికే సెషన్స్ జడ్జిగానో, అదనపు సెషన్స్ జడ్జిగానో ఉన్నవారై ఉండాలి. 2019లో ఈ చట్టాన్ని సవరించారు. ఇప్పుడు ఉన్న సెషన్స్ కోర్టునే, ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించి, ప్రత్యేక కోర్టుగా ప్రకటిస్తున్నారు. అంటే ఏ దారిన చూసినా, ఆ కుర్చీలో ఉండేది పరీక్షలు రాసి, ఊళ్ళు తిరిగి, స్థలాల తగాదాలూ దొంగతనాలూ వింటూ ఎదిగిన మన జిల్లా కోర్టు మనిషే.

విచారణ చర్లపల్లి జైల్లో జరిగింది. 157 మంది సాక్షుల్ని విన్నారు. ఆలోచించండి, 157 మంది! పిన్నిగారు ఒక సంతకం గురించి చెప్పడానికే నాలుగు రాత్రులు నిద్రపోలేదు. వీళ్ళలో ఆ సాయంత్రం కళ్ళారా చూసినవాళ్ళున్నారు, గాయపడ్డవాళ్ళున్నారు. ముద్దాయిల ఎదుట నిలబడి ఆ సాయంత్రాన్ని మళ్ళీ మొదటినుంచి చెప్పాలి, అవతలి లాయరు అడిగే ఎదురు ప్రశ్నలకు జవాబివ్వాలి. ఆ ఎదురు ప్రశ్నలు చూసి కొందరికి కోపం వస్తుంది. ఇంత ఘోరం చేసినవాళ్ళకు లాయరెందుకంటారు. కాని ముద్దాయి తరఫు మాట పూర్తిగా వినకుండా శిక్ష వేస్తే, ఆ శిక్ష పై కోర్టులో నిలవదు. నిలవని శిక్ష వల్ల చనిపోయినవాళ్ళ ఇళ్ళకు ఏం ఒరుగుతుంది?

2016 డిసెంబరు 13న ఆ ప్రత్యేక కోర్టు జడ్జి అయిదుగురిని దోషులన్నారు. డిసెంబరు 19న మరణశిక్ష విధించారు. ఇక్కడ మనం తెలుసుకోవలసినది ఒకటుంది. విచారణ చేసిన జడ్జి ఉరిశిక్ష వేసినా, హైకోర్టు ఖాయం చేసేదాకా అది అమలు కాదు. దోషి అప్పీలు చేయకపోయినా సరే, కాగితాలు హైకోర్టుకు వెళ్ళి తీరాలి. ఒక్క మనిషి చేతిలో అంత అధికారం ఉంచలేదన్నమాట.

హైకోర్టులో ఇద్దరు జడ్జీలు ఆ కాగితాలన్నీ చదివారు. జస్టిస్ కె.లక్ష్మణ్‌గారు, జస్టిస్ పి.శ్రీసుధగారు. 2025 ఏప్రిల్ 8న శిక్షను ఖాయం చేశారు. ఈ ఇద్దరూ రెండు వేర్వేరు దారుల్లో వచ్చినవారు. లక్ష్మణ్‌గారు లాయరుగా ఉండి 2019లో నేరుగా హైకోర్టు జడ్జి అయ్యారు. శ్రీసుధగారు జిల్లా జడ్జిగా పనిచేసి, 2021 అక్టోబరులో హైకోర్టుకు వచ్చారు. ఆ విడతలో తెలంగాణ హైకోర్టుకు వచ్చింది ఏడుగురైతే అందులో నలుగురు ఆడవాళ్ళు. శ్రీసుధగారు, సి.సుమలతగారు, జి.రాధారాణిగారు, పి.మాధవీదేవిగారు. మాధవీదేవిగారు ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ నుంచి వచ్చారు. మిగిలిన ముగ్గురూ జిల్లా కోర్టుల్లోంచి ఎక్కివచ్చినవారే.

హైకోర్టు జడ్జీల నియామకం పద్ధతి వేరు. పేర్లు సీనియరు జడ్జీల బృందం పంపితే, రాష్ట్రపతి నియమిస్తారు. దాని మీద దేశంలో ఎన్నేళ్ళుగానో వాదులాట నడుస్తోంది. అదంతా చెబితే పొద్దుపోతుంది. నేను చెప్పదలచుకున్నది కింది కుర్చీ గురించి.

ఎందుకంటే, సాక్షిని కళ్ళతో చూసేది ఆ కుర్చీలో ఉన్న మనిషి ఒక్కరే. హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ వెళ్ళేవి సాధారణంగా కాగితాలే. పిన్నిగారి గొంతు వణికిందా, ఏ ప్రశ్నకు తడుముకున్నారు, ఏ మాట గట్టిగా చెప్పారు, ఇవి చూసేది మొదటి జడ్జి. సాక్షి చెప్పేటప్పటి తీరు ఎలా ఉందో జడ్జి విడిగా రాసి పెట్టవచ్చునని మన చట్టాల్లో ఉంది. పై కోర్టులు కూడా ‘సాక్షిని చూసింది కింది జడ్జి కదా’ అని ఆ మాటకు విలువ ఇస్తాయి. ఇంట్లో పిల్లలిద్దరూ కొట్టుకుని వస్తే, ముఖాలు చూసి తప్పెవరిదో తల్లి పట్టేస్తుంది. సాయంత్రం నాన్న వచ్చాక విని తీర్పు చెబితే ఎలా ఉంటుంది? సరిగ్గా ఆ తేడానే. అయితే తల్లి ముఖం చూసి ఊరుకుంటే చాలు, జడ్జి మాత్రం ఎందుకు నమ్మారో, ఎందుకు నమ్మలేదో రాయాలి. కారణాలు రాయని తీర్పు పైకి పోతే వెనక్కి వస్తుంది.

మన దేశంలో ఈ కింది కుర్చీలోకి ఆడమనిషి మొదట వచ్చింది 1937లో. కేరళలో, అప్పటి తిరువాన్కూరు సంస్థానంలో అన్నా చాందీగారిని మున్సిఫ్‌గా వేశారు. 1948లో జిల్లా జడ్జి అయ్యారు, 1959లో కేరళ హైకోర్టు జడ్జి అయ్యారు. మున్సిఫ్ నుంచి హైకోర్టుకు ఇరవై రెండేళ్ళు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో మొదటి మహిళా జడ్జి జస్టిస్ అమరేశ్వరిగారు, 1978లో. దూరదేశంలో కూడా మనవాళ్ళున్నారు. విజయవాడలో పుట్టి, హైదరాబాదులో ఉస్మానియాలో చదువుకున్న జయ బాడిగగారు 2024లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జి అయ్యారు. అది ఫెడరల్ కోర్టు కాదు, రాష్ట్రానిది. అక్కడి గవర్నరు నియమించారు. ప్రమాణ స్వీకారం నాడు ఆవిడ తెలుగులో కూడా మాట్లాడారు. ఇది చెప్పగానే పిన్నిగారు డాలస్‌కు ఫోను కలిపారు!

ఇంతదాకా విని, ‘మా అమ్మాయి కూడా లా చదువుతోంది, రాయిద్దాం’ అనుకునే తల్లులుంటారు. వాళ్ళకు ఒక మాట విడిగా చెప్పాలి. 2025 మే 20న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే ముందు మూడేళ్ళు లాయరుగా పనిచేసి ఉండాలని. కాలేజీలోంచి నేరుగా వచ్చినవాళ్ళకు కోర్టు తీరు తెలియడం లేదని, లాయర్లతో, జనంతో మెలిగే నేర్పు చాలడం లేదని హైకోర్టులు చెప్పాయట. ఆ మాటలో నిజముంది. పిన్నిగారికి కుర్చీ వేయించాలన్న ఆలోచన పుస్తకం చదివితే రాదు.

కాని మన ఇళ్ళలో ఆ మూడేళ్ళంటే ఏమిటో మనకు తెలుసు. లా పూర్తయ్యేసరికి అమ్మాయికి ఇరవై మూడో ఇరవై నాలుగో. సరిగ్గా అప్పుడే సంబంధాలు మొదలు. సీనియరు దగ్గర జూనియరుగా చేరితే మొదట్లో చేతికి వచ్చేది బస్సు ఖర్చులకు బొటాబొటి. పొద్దున కోర్టు, సాయంత్రం సీనియరు ఆఫీసు, ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. ‘సంపాదన లేదు, వేళకు రాదు, ఈ తిరుగుడెందుకు, ఏ కంపెనీలోనో చేరరాదా’ అని మనమే అంటాం. మా బంధువుల అమ్మాయి ఒకతె సరిగ్గా ఇలాగే ఏడాదిన్నరకు నల్లకోటు బీరువాలో పెట్టేసింది. అడ్డుకున్నది అత్తగారు కాదు, కన్నతల్లే. ఆ తల్లికి వత్తాసు పలికినవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పుడు నాకీ సంగతులు తెలియవు.

ఉద్యోగం వచ్చాక కూడా సుఖమేనని చెప్పను. మామూలుగా మూడేళ్ళకో బదిలీ. పిల్లల బడులు మారుతూనే ఉంటాయి. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళినా, అక్కడ ఎవరి కేసు తన దగ్గరుందోనని ఒదిగి ఉండాలి. భద్రత కూడా చెప్పుకోదగ్గంత లేదు. 2025 ఫిబ్రవరిలో ఇదే ఎల్.బి.నగర్ కోర్టులో ఒక ఖైదీ జడ్జిగారి మీదికి చెప్పు విసిరాడు. మర్నాడు మళ్ళీ అదే హాలుకు వచ్చి, అదే కుర్చీలో కూర్చుని, ఇంకొకరి కేసు నిదానంగా వినాలి కదా ఆ మనిషి!

ఇక మీకు పనికివచ్చే రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. సాక్షిగా సమను వస్తే భయపడకండి, దాచిపెట్టకండి. ఆ కాగితం, ఏదైనా గుర్తింపు కార్డు పట్టుకుని చెప్పిన వేళకు వెళ్ళండి. వెళ్ళకపోతేనే చిక్కు. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. రెండోది, మీదే ఏదైనా కేసు ఉండి లాయరుకు ఇచ్చుకునే స్తోమతు లేకపోతే, జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు. మీ ఆయన జీతమెంత అని అడగరు. దాని కార్యదర్శిగా ఉండేవారు కూడా జడ్జే.

పిన్నిగారి వాయిదా వచ్చే పద్నాలుగున. ఈసారి అవతలి లాయరు ఎదురు ప్రశ్నలు వేస్తారు. ఆవిడ ఇప్పుడు స్తోత్రం మానేసి దస్తావేజు నకలు తీసి చదువుకుంటున్నారు. కోర్టు అందరికీ తెరిచిన చోటే కనుక ఎవరైనా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవచ్చు, శబ్దం చేయకపోతే చాలు. ఇంటరు చదివే ఆవిడ మనవరాలు కూడా మాతో వస్తానంటోంది. కాలేజీకి సెలవు పెట్టించాలా వద్దా అని వాళ్ళింట్లో ఇంకా తర్జనభర్జన సాగుతోంది. నేను మాత్రం పెట్టించమన్నాను.